దసరాకు ముందు ఇల్లు సర్దుకోవడం ఎలా: సజ్జ మీది సామాను నుంచి ఉప్పునీళ్ల మరకల దాకా

ఇంట్లో సామాను కుప్పపడటానికి పెద్ద కారణం ఒకటే: ఏది ఏ దారిన బయటికి పోవాలో ఎవరూ తేల్చరు. కాలు విరిగిన కుర్చీ, కాలిపోయిన మిక్సీ, పిల్లల చిన్నప్పటి స్వెటర్లు, ఎవరి పెళ్లికో వచ్చిన గోడ గడియారాలు అన్నీ ‘తర్వాత చూద్దాం’ అని సజ్జ ఎక్కుతాయి. ఆ ‘తర్వాత’ ఎప్పటికీ రాదు. అందుకే ఇల్లు సర్దే పని పొరక పట్టుకుని మొదలుపెట్టొద్దు. ముందు దారులు తేలాలి, తర్వాత సామాను కదలాలి, అప్పుడు కడగాలి. ఈ వరస తప్పితే రెండు రోజులు నడుం విరగ్గొట్టుకుని, చివరికి అదే సామానును అదే సజ్జ మీదికి ఎక్కిస్తాం.

ఇదంతా నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు ఇళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నా. మన బోరు నీళ్లు వేరు, మన ఇళ్లలో పరిచే బండలు వేరు. ఫోన్లో వచ్చే వీడియోలు చూసి చేస్తే మన ఇంట్లో కొన్ని చిట్కాలు ఉన్న నేలను కూడా పాడుచేస్తాయి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

వినాయక నిమజ్జనం అయిపోయాక పెత్తరమాస (మహాలయ అమావాస్య) దాకా దాదాపు పదిహేను రోజులు దొరుకుతాయి. పెళ్లిళ్లు ఉండవు, పేరంటాలు ఉండవు. పెత్తరమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మ మొదలైతే ఇక ఇల్లు మన చేతిలో ఉండదు. ఆడబిడ్డలు వస్తారు, పిల్లలు వస్తారు, పిండివంటలు మొదలవుతాయి. కాబట్టి పెద్ద పని అంతా ఆ పదిహేను రోజుల్లోనే అయిపోవాలి. ఒక్కరోజులో మొత్తం ఇల్లు తిరగేద్దామని కూర్చోవద్దు. రోజుకు ఒక్క చోటు చాలు: ఒక సజ్జ, ఒక బీరువా, లేదా వంటింట్లో ఒక గోడ. తీసింది ఆ సాయంత్రానికి ఎటో ఒకటి చేరాలి. మధ్యలో వదిలేసిన కుప్ప మీద రాత్రికి పిల్లలు ఎక్కి తొక్కుతారు, మర్నాడు దాన్ని చూస్తేనే టెన్షన్.

వానలు పూర్తిగా ఆగని రోజులివి. ఎండ బాగా కాసిన రోజు బట్టలు, పరుపులు, పప్పులు పెట్టుకోండి. మబ్బు పట్టిన రోజు కాగితాలు, వంటింటి డబ్బాలు పెట్టుకోండి.

మొదటి పని: దారులు తేల్చడం

ఒక కాగితం తీసుకుని మీ ఇంటి నుంచి సామాను బయటికి పోయే దారులు రాయండి. చాలా ఇళ్లకు ఇవి సరిపోతాయి: పాత ఇనుప సామాను కొనే బండి, పాత బట్టలకు స్టీలు బోళ్లిచ్చే ఆమె, బొంత కుట్టేవాళ్లు, చుట్టాల్లో అవసరమున్న ఇల్లు, మున్సిపాలిటీ చెత్త ఆటో లేదా పంచాయతీ ట్రాక్టరు, బ్యాటరీల దుకాణం. ఒక్కోదానికి ఒక్కో సంచి పెట్టండి. సంచి మీద పేరు రాయండి. చేతిలోకి వచ్చిన వస్తువు ఏ సంచిలోకి పోవాలో తేలకపోతే, అది ఇంట్లోనే ఉండబోతోందన్న మాట. అప్పుడు దాని చోటు ఎక్కడో కూడా అప్పుడే తేల్చండి.

చెత్త దారి గురించి రెండు మాటలు. పల్లె ప్రగతి మొదలైన 2019 నుంచి ఊరూరా పంచాయతీ ట్రాక్టరు తిరుగుతోంది. తడి చెత్త, పొడి చెత్త వేరుచేయాలని 2016 కేంద్ర నిబంధనల్లోనే చెప్పారు. తడికి ఆకుపచ్చ బుట్ట, పొడికి నీలం. ట్యూబులైట్లు, పాత సెల్లులు, మందుల సీసాలు ఈ రెండింట్లోనూ వేయకుండా మూడో సంచిలో పెట్టి, బండి వచ్చినప్పుడు చెప్పి ఇవ్వండి. ట్యూబులైట్‌లో పాదరసం ఉంటుంది. పగలగొట్టి గంపలో వేస్తే ఆ ఆవిరి పీల్చేది ముందు మన ఇంట్లోవాళ్లే.

పాత సామాను బండి వచ్చేముందు ఒక చిన్న పని చేయండి. చేతికి వేలాడదీసే డిజిటల్ కాంటా తక్కువ ధరకే దొరుకుతుంది. ఇత్తడి, రాగి, ఇనుము, సత్తు వేరువేరుగా కట్టి, ఇంట్లోనే తూచి, చీటీ రాసి పెట్టుకోండి. అన్నీ కలిపి కుప్పగా పోస్తే మొత్తం ఇనుము ధరకే పోతుంది. ఇత్తడి, రాగి అయితే బండి దాకా ఆగకుండా బజారులో రెండు దుకాణాలు అడిగి అమ్మండి.

ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడే పద్ధతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ‘ఇది పారేద్దామా?’ అని అడిగితే ఎవరైనా వద్దనే అంటారు. ‘అత్తమ్మా, ఈ గుండిగ చిన్నమ్మ వాళ్లింట్ల పనికొస్తదేమో, ఇద్దామా?’ అని అడిగి చూడండి. వస్తువు ఎవరి చేతికి పోతుందో తెలిస్తే పెద్దవాళ్లు తొందరగా ఒప్పుకుంటారు. పేరు కొట్టించిన బోళ్ల సంగతి వేరు. పెళ్లి తేదీతో, పుట్టింటివాళ్ల పేరుతో ఉన్న బిందెను పాత సామానులో వేసే హక్కు ఆ బిందె ఎవరిదో వాళ్లకే ఉంది. వాళ్లు లేకపోతే వాళ్ల బిడ్డల్ని అడగండి.

రెండో పని: ప్రమాదం ఉన్నవి ముందు తీయండి

వ్యవసాయం ఉన్న ఇల్లయితే అన్నిటికంటే ముందు పురుగుల మందులు, గడ్డి మందులు వెతకండి. పత్తి పెట్టే ఇళ్లలో సగం వాడిన డబ్బా వడ్ల బస్తాల వెనకో, బాత్రూం కిటికీలోనో, మంచం కిందో దొరుకుతుంది. కూల్‌డ్రింక్ సీసాలోకి ఒంపి పెట్టిన గడ్డి మందు కనిపిస్తే మిగతా పనంతా ఆపి ముందు దాని సంగతి చూడండి. పిల్లలకు అది తాగే సీసాలాగే కనిపిస్తుంది. గడ్డి మందుల్లో పారాక్వాట్ లాంటిదైతే ఒక్క గుక్క లోపలికి పోయినా ప్రాణం మీదికి వస్తుంది.

వాడేది ఉంటే కంపెనీ డబ్బాలోనే, లేబుల్ చిరగకుండా, తాళం వేసే పెట్టెలో, వంటింటికి దూరంగా పెట్టండి. ఖాళీ డబ్బా అయితే పిచికారీ చేసే రోజే మూడుసార్లు నీళ్లతో తొలిచి, ఆ నీళ్లు పంపు ట్యాంకులోనే పోసి చేనుకే కొట్టేయాలి. తర్వాత డబ్బాకు బొక్కలు పెట్టాలి. అప్పుడు ఎవరూ దాంట్లో కిరోసిన్, మంచినీళ్లు పోసుకోరు. కాల్చొద్దు, ఆ పొగ కూడా విషమే. గడువు దాటిన మందును మోరీలోనో, బావిలోనో, కాలువలోనో ఒంపొద్దు. డబ్బా అలాగే మూసి ఉంచి, రైతు వేదికలో మీ క్లస్టర్ ఏఈఓను (వ్యవసాయ విస్తరణ అధికారిని) అడగండి. వడ్లలో పెట్టే గోళీలు మిగిలితే వాటినీ ఇలాగే చూడండి. తేమ తగిలితే వాటి నుంచి వచ్చే గాలి చంపేస్తుంది, పడుకునే గదిలో అవి ఉండనే కూడదు.

ఇన్వర్టరు పాత బ్యాటరీని మాత్రం పాత సామానులో వేయకండి. కొత్తది కొనేటప్పుడు దుకాణంవాళ్లు పాతది తీసుకుని ధర తగ్గిస్తారు.

మూడో పని: కాగితాల సంచి

ఇక్కడ తొందరపడితే కోర్టు దాకా పోవాల్సి రావచ్చు. పాత కాగితాలు ఇంట్లో ఒక్కరే చూడకుండా ఇద్దరు కూర్చుని చూడండి. వీలైతే ఒకరు పెద్దవాళ్లు ఉండాలి.

భూమికి సంబంధించిన ఏ ముక్కా పారేయొద్దు. భూమి రికార్డులు చూసుకునే వెబ్‌సైట్లుగా 2020లో ధరణి వచ్చింది, 2025లో భూభారతి వచ్చింది, ‘అంతా ఆన్‌లైన్‌లో ఉంది కదా’ అనుకోవద్దు. ఆన్‌లైన్‌లో తప్పు పడితే దిద్దించుకోవడానికి చూపించాల్సింది పాత కాగితమే. పాత పట్టాదారు పాసుపుస్తకం, టైటిల్ డీడ్, పహాణీ (ఏ భూమి ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారో రాసే రికార్డు) నకళ్లు, శిస్తు రసీదులు, తెల్ల కాగితం మీద రాసుకున్న సాదా బైనామాలు, అన్నదమ్ముల పంపకాల కాగితాలు అన్నీ ఉంచండి. చదవరాని ఉర్దూ కాగితం దొరికితే దాన్ని ముందు ఉంచండి. నిజాం కాలం నాటి రికార్డు కావచ్చు, లేదా తెలంగాణలో భూమి వివాదం వస్తే ఇప్పటికీ అందరూ వెతికే 1954-55 ఖాస్రా పహాణీ నకలు కావచ్చు. ఉర్దూ వచ్చిన వాళ్లతో చదివించుకుని, అందులో ఏముందో తెలుగులో చీటీ రాసి జతచేయండి.

జిల్లా పేరు మారింది కదా అని పాతవి పనికిరానివి అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2016 అక్టోబర్ 11న మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగుళాంబ గద్వాల విడిపోయాయి. నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. 2019లో నారాయణపేట వేరైంది. మీ సర్టిఫికెట్ మీద పాత జిల్లా పేరున్నా, 2014కు ముందుది కాబట్టి ఆంధ్రప్రదేశ్ అని ముద్ర ఉన్నా అది చెల్లకుండా పోదు. టెన్త్ మెమో, కుల ధ్రువీకరణ, జనన ధ్రువీకరణ, ఎల్ఐసీ బాండ్లు ఒక ఫైలులో పెట్టండి.

కరెంటు బిల్లుల్లో అన్నిటికంటే పాతది, ఈమధ్యవి కొన్ని ఉంచి మధ్యలోవి తీసేయొచ్చు. పాత బిల్లు ఆ ఇంట్లో మీరు ఎప్పటి నుంచి ఉన్నారో చెబుతుంది. గ్యారంటీ అయిపోయిన కార్డులు, కూలర్ పుస్తకాలు, పెళ్లి పత్రికలు తీసేయండి. బ్యాంకు ఖాతా నంబరు, ఆధార్ నకలు ఉన్నవి మాత్రం చించి పొడి చెత్తలో వేయండి.

మిగిలిన ముఖ్యమైన కాగితాలకు లామినేషన్ చేయించొద్దు. ఒకసారి చేయిస్తే మళ్లీ విడదీయలేరు. ప్లాస్టిక్ కవరులో వానాకాలం చెమ్మ పట్టి అక్షరాలు కవరుకు అంటుకుంటాయి కాబట్టి అట్ట ఫైలే మంచిది. ఫైలును ఇనుప పెట్టెలో, గోడకు ఆనకుండా, నేలకు కాస్త ఎత్తులో పెట్టండి. చెదలు గోడ వెంటే ఎక్కుతాయి. ఫోన్లో ఫోటోలు తీసి ఇంట్లో ఇంకొకరికి కూడా పంపి ఉంచండి.

నాలుగో పని: సజ్జ

నిచ్చెన ఎక్కేవాళ్లు ఒకరు, కింద అందుకునేవాళ్లు ఒకరు ఉండాలి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఎలుకల పెంట ఉంటే పొడి పొరకతో ఊడ్చొద్దు, ఆ దుమ్ము లోపలికి పోతుంది. నీళ్లు చిలకరించి, తడిశాక తుడిచి తీయండి. చేతిని చీకట్లోకి నేరుగా పెట్టొద్దు. ముందు టార్చి వేసి, కట్టెతో కదిలించి తీయండి. తేలు, జెర్రి ఉండేది ఇలాంటి చోటే.

మొత్తం దించాకే నిర్ణయాలు. దించకుండా పైనుంచే ‘అది ఉండనియ్, ఇది ఉండనియ్’ అంటూ పోతే సజ్జ ఖాళీ కాదు. దించినవాటిలో పండక్కి, పెళ్లికి మాత్రమే వాడే పెద్ద బోళ్లు ఉంటాయి: గుండిగలు, గంజులు, జల్లి గంటెలు. ఇవి ఉంచాల్సినవే. కానీ నాలుగు ఇళ్ల అన్నదమ్ముల దగ్గర నాలుగు సెట్లు ఉండక్కర్లేదు. ఒక ఇంట్లో గుండిగలు, ఇంకో ఇంట్లో గంజులు పెట్టుకుని ఫంక్షన్ వచ్చినప్పుడు పంచుకుంటే అందరి సజ్జలూ తేలికవుతాయి. నా లెక్కలో అయితే డిన్నర్ సెట్ల పెట్టెలు, విప్పని గిఫ్టులు సజ్జ మీద అసలు పెట్టకూడదు. విప్పి వాడుకోవడమో, ఇంకొకరికి ఇవ్వడమో చేయాలి.

తిరిగి పెట్టేటప్పుడు ప్రతి మూటకూ చీటీ కట్టండి: ‘పెళ్లి బోళ్లు’, ‘చలికాలం దుప్పట్లు’. చీటీ ముందువైపు కనిపించాలి. బరువైనవి కిందనే ఉండాలి, సజ్జ మీద తేలికవే పెట్టాలి.

చీరలు, బట్టలు, బొంతలు

సందుగ తెరిచాక మొదట పట్టుచీరలు వేరుచేయండి. గద్వాల చీర అయితే ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండూ విడిగా నేసి కలిపినవి. ఆ కలిపిన గీత దగ్గర ఒకసారి వేలితో తడిమి చూడండి, ముందు పోగు లేచేది అక్కడే. నారాయణపేట, పోచంపల్లి, గద్వాల ఏదైనా సరే, ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉంటే ఆ మడత గీత మీదే చిరుగుతుంది. విప్పి, నీడలో గాలికి కొద్దిసేపు ఆరేసి, పాత మడత మీద కొత్త మడత పడకుండా మార్చి మడవండి. జరీ లోపలికి వచ్చేలా తిప్పి మడిస్తే ఇంకా మంచిది. తెల్లటి నూలు గుడ్డలో చుట్టండి. ప్లాస్టిక్ కవరులో చెమ్మ నిలుస్తుంది, పేపరులో చుడితే సిరా అంటుతుంది. కలరా ఉండలు జరీకి తగిలితే నల్లబడుతుంది కాబట్టి పెట్టాలనిపిస్తే గుడ్డలో కట్టి పెట్టె మూలన పడేయండి. ఎండలో మాత్రం పట్టు ఆరేయొద్దు.

మెత్తబడిన నూలు చీరలు పారేయడమెందుకు? బొంత కుట్టించండి. నాలుగైదు చీరలు పొరలుగా వేసి కుట్టిన బొంత ఎదుట బజారులో కొన్న దుప్పటి ఏం లెక్క? చేత్తో కుట్టే ఆడవాళ్లు ఊళ్లలో ఇంకా ఉన్నారు, వాళ్లకూ నాలుగు రూపాయలు వస్తాయి. సింథటిక్ చీరలు బొంతకు పనికిరావు, ఒంటికి అంటుకుని చెమట పడుతుంది. అవి స్టీలు బోళ్ల ఆమెకు. పాత బనియన్లు, లుంగీలు తుడిచే గుడ్డలకు, అది కూడా లెక్కగా. మసిగుడ్డల కోసమని మూట మూట దాచేవాళ్లుంటారు, పది ముక్కలు చాలు. ఏ బట్ట సంచిలోకి పోయే ముందైనా జేబులు, కొంగు ముడులు, దిండ్ల గలేబులు తడిమి చూడండి. డబ్బులు, కమ్మలు, పాత పుస్తెల గుండ్లు దొరికేవి అక్కడే.

వంటిల్లు

వంటింట్లో పని తొందరగా అవుతుంది. డబ్బాలన్నీ దించి, పురుగు పట్టిన పప్పు, బియ్యం వేరుచేసి చాటలో చెరిగి ఎండలో పోయండి. డబ్బాను కడిగి పూర్తిగా ఆరాకే మళ్లీ నింపండి. తడి డబ్బాలో పోసిన కందిపప్పు వారానికే ముక్కిపోతుంది. జొన్నలు, పజ్జొన్నలు అడుగున కొద్దికొద్దిగా మిగిలినవన్నీ కలిపి పిండి పట్టించుకోండి. మూత లేని డబ్బాలు, డబ్బా లేని మూతలు ఒకచోట పోస్తే సగం సామాను అప్పుడే తేలిపోతుంది.

ఇత్తడి చెంబులు, దీపపు కుందులకు చింతపండు గుజ్జు, కాస్త ఉప్పు చాలు. తోమి, కడిగి, వెంటనే గుడ్డతో తడి తుడవండి. బోరు నీళ్లు వాటంతట అవే ఆరితే మళ్లీ మచ్చలు పడతాయి. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు, చారు కాయొద్దు. కళాయి వేయించండి, లేదా నీళ్లకు మాత్రమే వాడండి.

బూజు, గోడలు

పైనుంచి కిందికి రావాలి. ముందు బూజు కట్టె, తర్వాత ఫ్యాన్లు, తర్వాత కిటికీలు, చివరికి నేల. ఫ్యాను రెక్కను పాత దిండు గలేబులో దూర్చి లాగితే దుమ్మంతా గలేబులోనే పడుతుంది, మంచం మీద పడదు.

ఉప్పునీళ్ల మరకలు, తాండూరు బండలు

అసలు జాగ్రత్త కావాల్సింది ఇక్కడ. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. బకెట్ అంచున, నల్లా మూతి దగ్గర, గీజరు లోపల, స్టీలు గ్లాసుల మీద తెల్లగా గట్టిగా పేరుకునేది అదే. మన ఇళ్లలో చాలావరకు నేల మీద పరిచింది తాండూరు, షాబాదు బండలు. అవి సున్నపురాయి. అంటే నల్లా మీది తెల్ల పొర, కాళ్ల కింది బండ దాదాపు ఒకే జాతివి. యాసిడ్‌కు ఆ రెండింటికీ తేడా తెలియదు. నల్లాను శుభ్రం చేసే పులుపు బండను కూడా అలాగే తినేస్తుంది.

నమ్మకం లేకపోతే ఏదైనా విరిగిన బండముక్క మీద ఒక చుక్క నిమ్మరసం వేసి కాసేపు వదిలేయండి. తుడిచాక ఆ చోట మెరుపు పోయి, తెల్లగా మాసినట్టు మచ్చ మిగులుతుంది. అది మురికి కాదు, ఎంత తోమినా పోదు. రాయే అక్కడ కరిగింది. పాలిష్ మిషన్ పెట్టి మళ్లీ రుద్దిస్తే తప్ప ఆ మెరుపు రాదు. అందుకే తాండూరు, షాబాదు బండల మీద, మార్బుల్ మీద వెనిగర్, నిమ్మ, యాసిడ్, బాత్రూం క్లీనర్ ఏదీ పోయొద్దు. వీటికి గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా సబ్బు ద్రవం, మెత్తటి గుడ్డ చాలు. పాత జిడ్డు ఉంటే తినే సోడాను పేస్టులా చేసి, ఆ చోట రాసి, ఆరబోయే ముందు రుద్ది కడగండి.

తుడిచే నీళ్ల సంగతి. ఆర్ఓ మిషన్ నుంచి వదిలేసే నీళ్లతో ఇల్లు తుడవమని చాలామంది చెబుతారు. మంచినీళ్లలోంచి తీసేసిన ఉప్పులన్నీ చేరింది ఆ నీళ్లలోకే. బోరు నీళ్లే గట్టివైన మన దగ్గర, వాటితో తుడిస్తే ఆరాక బండ మీద తెల్ల చారలు పడతాయి. ఆ నీళ్లు లెట్రిన్‌లో పోయడానికి పెట్టుకోండి. నేలకు చివరి తుడుపు మిషన్ భగీరథ నల్లా నీళ్లతో వేస్తే తేడా మీకే కనిపిస్తుంది.

ఇక లోహపు సామాను సంగతి. కిరాణా దుకాణంలో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) అడగండి. లీటరు వేడి నీళ్లకు రెండు మూడు చెంచాలు కలపండి. హీటర్ రాడ్డును ప్లగ్గు తీసి, చల్లారాక, ప్లాస్టిక్ బకెట్‌లో ఆ నీళ్లలో తీగ చుట్ట మునిగేలా పెట్టండి. పైన కరెంటు వైరు చేరే భాగం తడవకూడదు. కాసేపట్లో చిన్న చిన్న బుడగలు లేస్తాయి, తర్వాత తెల్ల పెచ్చులు ఊడి కిందికి దిగుతాయి. ఊడనివి కట్టెపుల్లతో తట్టితే పోతాయి. కత్తితో గీకొద్దు. కడిగి, బాగా ఆరాకే మళ్లీ వాడండి. పెచ్చు కట్టిన రాడ్డు లోపల ఎక్కువ వేడెక్కి తొందరగా కాలిపోతుంది. షవరుకు అయితే ఆ నీళ్లను కవరులో పోసి షవరు మూతికి కట్టి, కొంతసేపు ఉంచి తీసేయండి. నల్లాల మీద మాత్రం పది నిమిషాలు దాటనీయొద్దు, మెరుపు పొర పోతుంది. ఈ పనులన్నీ చేసేటప్పుడు కింద బండ మీద చుక్క పడకుండా పాత గోనెపట్టా పరచండి.

ఫ్లోరైడ్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. గిన్నె మీద తెల్ల పొర లేదు కాబట్టి నీళ్లు మంచివని అనుకోవద్దు. ఫ్లోరైడ్ కంటికి కనిపించదు, మరిగిస్తే పోదు, నీళ్లు తగ్గి ఇంకా చిక్కనవుతుంది. నల్లగొండ జిల్లా మర్రిగూడ, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లకు వంగిపోయిన పెద్దల నడుములు చూసినవాళ్లకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. తాగడానికి, వండటానికి బోరు నీళ్లు వాడకండి.

బాత్రూం

ఒక్క నియమం గుర్తుంటే చాలు: యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ పౌడర్ వేయొద్దు, బ్లీచింగ్ వేసిన చోట యాసిడ్ పోయొద్దు. లెట్రిన్ క్లీనర్ సీసాల్లో చాలావరకు ఉండేది యాసిడే. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ లేస్తుంది. తలుపు మూసిన చిన్న బాత్రూంలో అది ఊపిరి ఆడనీయదు. ఒకరోజు ఒకటి, బాగా నీళ్లు పోసి కడిగాక ఇంకోరోజు ఇంకోటి. తలుపు, కిటికీ తెరిచే ఉంచండి.

వాకిలి, దొడ్డి

ఇటుకల కుప్ప, పొయ్యి కట్టెలు, విరిగిన పెంకులు పగటిపూట, చెప్పులు కాదు, బూట్లు వేసుకుని తీయండి. కట్టెతో ఒక్కొక్కటే పక్కకు లాగండి. ఈ కుప్పలు గోడకు ఆనించి ఉంటే పాములకు ఇల్లు ఇచ్చినట్టే.

పాత టైర్లు, కొబ్బరి చిప్పలు, విరిగిన బకెట్లలో వాన నీళ్లు నిలుస్తాయి. డెంగీ దోమ గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. తెలంగాణలో ఆరోగ్యశాఖ శుక్రవారం డ్రై డే అని చెప్పేది అందుకే. గోలెం, సిమెంటు తొట్టి ఖాళీ చేయడమే కాదు, లోపలి గోడను కొబ్బరి పీచుతో గట్టిగా రుద్దాలి. ఆ గుడ్లు నీటి గీతకు కాస్త పైన గోడకు అంటుకుని ఉంటాయి, తొట్టి ఎండిపోయినా నెలల తరబడి బతుకుతాయి, మళ్లీ నీళ్లు పోయగానే లేస్తాయి.

తాళం వేసి ఉన్న ఇల్లు

పాలమూరు వైపు ముంబై, పుణె, హైదరాబాద్‌లకు పనికి పోయి దసరాకే తలుపు తీసేవాళ్లు ఎందరో. అలాంటి ఇంటికి రాత్రి చేరొద్దు, పగలే చేరండి. తలుపులు, కిటికీలు తెరిచి గంట సేపు వదిలేయండి. చుట్టి పెట్టిన చాపలు, పరుపులు బయటికి తెచ్చి దులిపాకే వాడండి. మొదటి రాత్రి నేల మీద పడుకోకుండా మంచం వేసుకుని దోమతెర కట్టుకోండి. కట్లపాము రాత్రిపూట ఇళ్లలోకి వచ్చి నేల మీద పడుకున్నవాళ్లను కాటేస్తుంది, కాటు నొప్పి కూడా తెలియదు. ఎవరికైనా అనుమానం వస్తే మంత్రాల దగ్గరికి కాదు, నేరుగా ఆసుపత్రికి.

సంపు, ట్యాంకు

చుట్టాలు రాకముందు చివరి పని ఇదే. నీళ్లన్నీ వాడేసి, అడుగున చేరిన బురదను బయటికి తోడి, గోడలు రుద్ది, ఒకసారి కడిగి వదిలేయండి. సంపులోకి దిగేవాళ్లు ఒంటరిగా దిగొద్దు. మూత తీసి బాగా గాలి ఆడాకే, పైన ఒకరు నిలబడి ఉండగా దిగాలి. నింపాక వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ చొప్పున లెక్కేసి, ముందు ఒక మగ్గు నీళ్లలో కలిపి, అడుగున సున్నం దిగాక పైతేట మాత్రమే ట్యాంకులో పోయండి. గంట ఆగి వాడుకోవచ్చు. కడిగిన తేదీని ట్యాంకు మూత లోపలివైపు పెయింటుతో రాయండి, బయట రాస్తే ఎండకు, వానకు చెరిగిపోతుంది.